మాస్టారి వాంగ్మూలం

దాచేపల్లి చుట్టుపక్కల ఎవరికి చెయ్యి బెణికినా, కీలు తప్పినా డాక్టరు తర్వాత గుర్తొచ్చేవాడు, ముందు శ్రీమన్నారాయణ మాస్టారే గుర్తొచ్చేవాడు. సున్నపురాయి క్వారీలో జారిపడ్డవాళ్ళు, పత్తి బోరేలు ఎత్తబోయి నడుం పట్టేసినవాళ్ళు, పశువు తోసేస్తే మణికట్టు వాచినవాళ్ళు పొద్దున్నే ఫ్యాక్టరీ క్వార్టర్ల ముందు చేరేవాళ్ళు. ఆయన బళ్ళో పాఠాలు చెప్పే మాస్టారు కాదు, సిమెంటు ఫ్యాక్టరీ కబడ్డీ జట్టుకి కోచ్. వయసులో ఉన్నప్పుడు జిల్లా జట్టుకి ఆడాడు. కీళ్ళు ఎక్కించే విద్య తనకి ఆట నేర్పిన గురువు దగ్గరే పట్టుబడింది. కోడిగుడ్డు తెల్లసొన, మినప్పిండి కలిపి కట్టు కట్టేవాడు. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకునేవాడు కాదు.

కాకపోతే కాస్త పొగరుండేది. “డాక్టర్లయితే పిండికట్టు వేసి నెలన్నర పడుకోబెడతారు. నేను పదో రోజున కూతకి పంపిస్తాను” అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు. అదేం పెద్ద నేరం కాదు. పని తెలిసిన ఏ మనిషికైనా ఆమాత్రం ఉంటుంది. ఆ చెయ్యి మంచిదే, ఆ మనిషీ మంచివాడే. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ జట్టుకి తొంభై ఎనిమిదిలో బాబ్జీ అనే కుర్రాడు వచ్చాడు. కాగితాల మీద ప్యాకింగ్ ప్లాంట్‌లో హెల్పరు, నిజానికి బస్తా ముట్టుకున్న పాపాన పోలేదు. ఆడటమే అతని ఉద్యోగం. కూతకి వెళ్ళాడంటే ఒకళ్ళనైనా ముట్టుకోకుండా గీత దాటి వచ్చేవాడు కాదు. మాస్టారికి పిల్లల్లేరు. ఆ కుర్రాణ్ణి చూస్తే ఆయన ముఖం విప్పారేది. పైకి మాత్రం “ఏరా, తిండి తిన్నావా, గడ్డి తిన్నావా, ఆ కాళ్ళేంటిరా అలా ఈడుస్తున్నావు?” అని కేకలేసేవాడు.

మరుసటేడు బాబ్జీకి పెళ్ళయింది. పిల్ల పేరు జ్యోతిర్మయి. వేటపాలెంలో మగ్గం నేసే వాళ్ళ అమ్మాయి, పదో తరగతి పాసయింది. నోరున్న పిల్ల. క్వార్టర్లకి వచ్చిన వారం రోజులకే మాస్టారి భార్య రాఘవమ్మని “పిన్నిగారూ” అని పిలుస్తూ వంటింట్లో దూరిపోయింది. పుట్టింటికి వెళ్ళొచ్చినప్పుడల్లా జీడిపప్పు పొట్లం తెచ్చేది. “మాస్టారూ, మీ జట్టు కప్పు తెస్తే కిలో తెస్తాను, ఓడిపోతే ఈ బద్దలే గతి” అని ఎగతాళి చేసేది. ఆ ఇంట్లో అలా నవ్విన వాళ్ళు అంతకుముందెవరూ లేరు.

ఆ ఏడు చలికాలంలో ఒక సాయంత్రం బాబ్జీ ఆమెని మోపెడ్ మీద ఎక్కించుకొచ్చాడు. కుడి భుజం జారి, చెయ్యి వేళ్ళాడుతోంది. “స్నానాల గది దగ్గర కాలు జారి పడింది మాస్టారూ” అన్నాడు. జ్యోతిర్మయి ముఖంలో నెత్తురు చుక్క లేదు. “అవునండీ, పడ్డాను” అంది, మొగుడి వంక చూడకుండా. మాస్టారు ఆమెని పీట మీద కూర్చోబెట్టి, “కళ్ళు మూసుకో తల్లీ” అని ఒక్క ఊపులో కీలు ఎక్కించాడు. ఆమె పెదవి కొరుక్కుందే తప్ప అరవలేదు.

కట్టు కడుతుంటే ఆయనకి సంగతి తెలిసిపోయింది. పడ్డవాళ్ళని ఆయన వందలమందిని చూశాడు. పడితే అరచెయ్యి దోక్కుపోతుంది, మోచెయ్యి గీరుకుంటుంది, మోకాలు కమిలిపోతుంది. ఈ పిల్ల ఒంటి మీద ఒక్క గీరు లేదు. మణికట్టు పైన మాత్రం నాలుగు వేళ్ళ అచ్చులు, లోపలి వైపు బొటనవేలి అచ్చు ఎర్రగా తేలి ఉన్నాయి. చెయ్యి వెనక్కి మెలేసి పైకెత్తితే భుజం ఇలా జారుతుంది. ఆ పట్టు ఆయనకి బాగా తెలుసు. ప్రమాదమని ప్రాక్టీసులో దాన్ని నిషేధించింది ఆయనే. నిరుడు బాబ్జీ ఒక తోటి ఆటగాడి మీద ఆ పట్టు వేస్తే నెల రోజులు జట్టులోంచి పక్కన కూర్చోబెట్టాడు కూడా.

మర్నాడు గ్రౌండ్‌లో బాబ్జీని పక్కకి పిలిచాడు.

“ఏరా, కాలు జారిందా?”

బాబ్జీ తల వంచుకున్నాడు. తర్వాత వంగి ఆయన కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. “తప్పయిపోయింది మాస్టారూ. నర్సరావుపేటలో ఓడిపోయొచ్చిన చిరాకులో ఉన్నాను. ఏదో అన్నది. చెయ్యి చేసుకున్నాను. ఇంకోసారి జరిగితే చెప్పుచ్చుకుని కొట్టండి.”

మాస్టారు చెప్పు తియ్యలేదు. ఆయనకి తెలిసిన శిక్ష ఒకటే. “రేపట్నుంచి నెల రోజులు పొద్దున్నే నలభై రౌండ్లు పరిగెత్తు” అన్నాడు. తోటి ఆటగాడి చెయ్యి మెలేసినందుకు నెల రోజులు ఆట మాన్పించిన మనిషి, పెళ్ళాం చెయ్యి మెలేసినందుకు పరుగుతో సరిపెట్టాడు. ఎందుకని ఆరోజు తనని తాను ప్రశ్నించుకోలేదు. ప్రశ్నించుకుంటే జవాబు అప్పుడే దొరికేది. తోటి ఆటగాడు జట్టువాడు, ఆ పిల్ల కాదు. అంతే.

బాబ్జీ పరిగెత్తాడు. ఎగ్గొట్టకుండా నెలంతా పరిగెత్తాడు. చూసినవాళ్ళు ఎంత క్రమశిక్షణో అని మెచ్చుకున్నారు. మరుసటేడు ఎండాకాలం జ్యోతిర్మయి భుజం మళ్ళీ జారింది. ఈసారి మెట్ల మీద పడిందన్నారు. మాస్టారు మళ్ళీ ఎక్కించాడు, మళ్ళీ తిట్టాడు, ఈసారి అరవై రౌండ్లు వేశాడు. ఆ దెబ్బతో బాబ్జీకి దమ్ము విపరీతంగా పెరిగింది. కూత ఆపకుండా అవతలి కోర్టులో అతను నిలబడే తీరు చూసి వేరే ఫ్యాక్టరీల కోచ్‌లు “ఏం పెడుతున్నారండీ కుర్రాడికి?” అని అడిగేవాళ్ళు. మాస్టారు నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు తలచుకుంటే తర్వాత్తర్వాత ఆయనకి ఒళ్ళు జలదరించేది.

మూడోసారి రెండువేల ఒకటి జూన్‌లో. జ్యోతిర్మయి ఒక్కతే ఆటోలో దిగింది. ఎడం చేత్తో కుడి చేతిని పట్టుకుని, జుట్టు రేగిపోయి, చెప్పుల్లేకుండా వచ్చింది. అరుగు మీద కూర్చుంటూనే అంది, “మాస్టారూ, నేనెక్కడా పడలేదు. మెలేశాడు. మొదటిసారీ అంతే, రెండోసారీ అంతే.”

“తెలుసమ్మా” అన్నాడు మాస్టారు. ఆ మాట నోరుజారి వచ్చింది.

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. “తెలిస్తే మరి ఒక కాగితం రాసిస్తారా? ఇలా మూడుసార్లు భుజం తప్పిందనీ, మెలేస్తేనే తప్పిందనీ?”

“నేను డాక్టర్ని కాదు గదమ్మా. నా కాగితానికి విలువేముంటుంది?”

రాఘవమ్మ వంటింటి గుమ్మంలోంచి అంది, “అయితే మీరు ముట్టుకోకండి. ఈసారి హాస్పిటల్‌కి తీసుకుపోదాం. అక్కడ రాసుకుంటారు.”

మాస్టారికి కోపం వచ్చింది. అందులో కొంత పొగరు, ఎక్కువ భయం. హాస్పిటల్‌కి వెళ్తే ఎలా తగిలిందని అడుగుతారు, స్టేషన్‌కి కబురు పోతుంది, బాబ్జీ బతుకు బజారున పడుతుంది. “నా చేతిలో పనికి హాస్పిటలెందుకే? గంటసేపు నొప్పితో కూర్చోబెడతావా పిల్లని?” అని కసిరాడు. ఆ మాటా అబద్ధమేం కాదు, పిల్ల నొప్పితో వణికిపోతోంది. ఆయన కీలు ఎక్కించాడు. కట్టు కట్టాడు. “వాడి సంగతి నేను చూస్తాను, నువ్వు తొందరపడకు. కాపురమన్నాక నాలుగుంటాయి” అన్నాడు.

“ఉంటాయండి. భుజాలు రెండే ఉంటాయి” అంది జ్యోతిర్మయి. రాఘవమ్మ ఇచ్చిన చెప్పులు వేసుకుని అటునుంచి అటే బస్సెక్కి వేటపాలెం వెళ్ళిపోయింది.

మూడో రోజున అన్నని వెంటబెట్టుకుని వచ్చి స్టేషన్‌లో కంప్లైంట్ ఇచ్చింది. బాబ్జీని పట్టుకెళ్ళారు, వారానికి బెయిల్ వచ్చింది. ఫ్యాక్టరీ అతన్ని సస్పెండ్ చేసి ఎంక్వయిరీ వేసింది. ఆటగాళ్ళ నియామక పత్రంలో ఒక షరతుండేది, సంస్థ పేరు చెడగొట్టే పని చేస్తే జట్టు నుంచీ ఉద్యోగం నుంచీ తీసేస్తామని. దాన్ని ఎవరూ చదివి ఉండరు. ఇప్పుడు అందరి నోళ్ళలోనూ అదే నలిగింది. స్టేషన్‌లో “ఎక్కడ చూపించుకున్నావమ్మా, చీటీ ఏదీ?” అన్నారట. మూడుసార్లూ మాస్టారి దగ్గరే అని ఆమె చెప్పింది. చూడబోతే భుజం ఉండాల్సిన చోటే ఉంది. మాస్టారి పనితనం అంత గొప్పది.

ఎంక్వయిరీకి ముందురోజు జనరల్ మేనేజర్ మాస్టారిని పిలిపించాడు. “ఒంగోలు పోటీలు ఇరవై రోజుల్లోకి వచ్చాయి. ఆరేళ్ళుగా కప్పు లేదు. ఈ ఏడూ లేకపోతే జట్టు ఎత్తేయమని పైనుంచి రాశారు. మిమ్మల్ని అబద్ధం చెప్పమనడం లేదు. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పండి చాలు” అన్నాడు. జట్టు ఎత్తేస్తే పదకొండుమంది కుర్రాళ్ళ ఉద్యోగాలు పోతాయి. వాళ్ళలో సగంమంది కౌలు రైతుల పిల్లలు. మిరప తెగులొచ్చి, పత్తి పురుగొచ్చి ఇళ్ళల్లో ఏమీ మిగలక ఈ ఆటనే నమ్ముకుని వచ్చినవాళ్ళు. మాస్టారు ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని, తినకుండానే లేచాడు.

ఎంక్వయిరీ అధికారి పర్సనెల్ ఆఫీసర్ ఇమాం హుస్సేన్. నెమ్మదస్తుడు, మాట తూకం వేసినట్టు మాట్లాడతాడు. బల్లకి ఒక పక్క బాబ్జీ ఇస్త్రీ చొక్కాతో, ఇంకో పక్క జ్యోతిర్మయి మెళ్ళో గుడ్డతో చెయ్యి వేలాడదీసుకుని. మాస్టారు కట్టిన కట్టు మార్చి ఎవరో కొత్తది కట్టారు.

“మాస్టారూ, ఈ అమ్మాయికి మీరు ఎన్నిసార్లు కట్టు కట్టారు?”

“మూడుసార్లండీ.”

“ఎలా తగిలిందని చెప్పారు?”

“మొదటిసారి స్నానాల గది దగ్గర జారి పడ్డానంది. రెండోసారి మెట్ల మీద.”

“మూడోసారి?”

“అప్పుడు నొప్పితో ఉందండీ. ఏదో అంది. నేను సరిగా వినిపించుకోలేదు.”

“దెబ్బలు చూస్తే మీకేమనిపించింది?”

“నేను డాక్టర్ని కాదు గదండీ.”

ఇమాం హుస్సేన్ రాయడం ఆపి ఆయన వంక చూశాడు. అప్పుడు జ్యోతిర్మయి, “నేనొక మాట అడగొచ్చాండీ?” అంది. అడగమన్నాడు. ఆమె మాస్టారి వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, ఇంట్లో కూర్చుని అడిగినట్టే అడిగింది.

“మాస్టారూ, నేను పడ్డానని చెప్పినప్పుడు మీరు నమ్మారా?”

లేదు అనే ఒక్క మాట చాలు. ఆ మాట మాస్టారి గొంతు దాకా వచ్చిందని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. ఎదురుగా బాబ్జీ తల వంచుకుని ఉన్నాడు, కిటికీ అవతల పదిమంది కుర్రాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు.

“నువ్వు చెప్పావు గదమ్మా” అన్నాడాయన.

జ్యోతిర్మయి ఇంకేమీ అడగలేదు. ఇమాం హుస్సేన్ “ఇంకేమైనా రాయమంటారా మాస్టారూ?” అన్నాడు. లేదన్నాడు. రెండు పేజీల కింద సంతకం పెట్టాడు. అందులో కల్పించి చెప్పిన మాట ఒక్కటే, సరిగా వినిపించుకోలేదన్నది. మిగతావన్నీ జరిగినవే. నిజం మాత్రం ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు.

ఆరోపణ రుజువు కాలేదని సస్పెన్షన్ ఎత్తేశారు. ఒంగోలులో ఫైనల్ ఆఖరి కూతకి బాబ్జీ ముగ్గుర్ని అవుట్ చేసి వచ్చాడు. కప్పు వచ్చింది. జీపు మీద ఊరేగించారు, మాస్టారి మెడ దండలతో నిండిపోయింది. జట్టు బతికింది. క్వార్టర్లలో ఆడవాళ్ళు కుళాయి దగ్గర “మొగుణ్ణి జైల్లో పెట్టించబోయింది, దేవుడున్నాడు” అని జ్యోతిర్మయి గురించి చెప్పుకున్నారు. రాఘవమ్మ ఊరేగింపు చూడటానికి గుమ్మంలోకి కూడా రాలేదు. ఆ రాత్రి మొగుడికి అన్నం పెట్టి, మజ్జిగ పోసి, “కిలో జీడిపప్పు ఎవరు తెస్తారిప్పుడు?” అంది. అంతకుమించి ఆ విషయం ఎత్తలేదు. ఎత్తితే బావుండేదని మాస్టారు చాలాసార్లు అనుకున్నాడు.

ఆ తర్వాత ఆయన కీళ్ళు ఎక్కించడం మానేశాడు. ఎవరొచ్చినా చేతులు వణుకుతున్నాయని చెప్పి హాస్పిటల్‌కి పంపించేవాడు. వయసు మీద పడిందనుకున్నారు. రెండువేల మూడులో రిటైరయి, ఉన్న ఎకరన్నర చూసుకుందామని సొంతూరు చేరాడు. ఆయన స్థానంలో జట్టుకి బాబ్జీయే కోచ్ అయ్యాడు.

కోర్టు కేసు మాత్రం వాయిదాల మీద వాయిదాలు నడిచి, రెండువేల నాలుగులో మాస్టారికి సాక్షిగా సమన్లు వచ్చాయి. వాటి వెనకే బాబ్జీ మోటారు సైకిల్ మీద పళ్ళ బుట్టతో వచ్చాడు. “కొత్తగా ఏం చెప్పక్కర్లేదు మాస్టారూ. ఎంక్వయిరీలో చెప్పిందే చెప్పండి. ఇక ఈ పీడ వదిలిపోతుంది” అన్నాడు. ఆ బుట్ట రెండు రోజులు వసారాలో అలాగే ఉంది.

మూడో రోజు రాఘవమ్మ చెప్పింది. “నిరుడు చీరాల పెళ్ళికి వెళ్ళినప్పుడు నేను వేటపాలెం కూడా వెళ్ళొచ్చాను. మీకు చెప్పలేదు.”

మాస్టారు తలెత్తాడు.

“జీడిపప్పు కంపెనీలో పప్పు పొట్టు తీస్తోంది. కుడి చెయ్యి తల దాకా లేవదు. జడ వాళ్ళమ్మ వేస్తుంది. చీరాల డాక్టరు చూసి, మొదటిసారే ఫొటో తీయించి ఆరు వారాలు కదలకుండా చూసుకుంటే ఇంత దూరం రాకపోను, ఎవరమ్మా ఎక్కించిందీ అన్నాడట. మీ పేరు చెప్పలేదట. ఎవరో ఊళ్ళో ఆయన అందట.”

మాస్టారు వసారా స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయాడు. తన చెయ్యి ఒక మనిషి బాధ తీరుస్తుందని నలభై ఏళ్ళుగా నమ్మాడు. బాధని తీర్చిన మాట నిజమే, బాబ్జీ నేరాన్ని కూడా ప్రతిసారీ అదే చేత్తో సర్దేశాడు. ఇంతా చేస్తే ఆ భుజం కూడా దక్కలేదు. రెండు కళ్ళలోనూ నీళ్ళొచ్చాయి, తుడుచుకోలేదు.

కోర్టులో ఆయన బోనెక్కి ఉన్నదున్నట్టు చెప్పాడు. వేళ్ళ అచ్చుల సంగతి, మెలేసే పట్టు సంగతి, బాబ్జీ కాళ్ళు పట్టుకుని ఒప్పుకున్న సంగతి, నలభై రౌండ్లు, అరవై రౌండ్లు, మూడోసారి ఆ పిల్ల ఏమందో, తను ఏమన్నాడో అన్నీ చెప్పాడు. చెబుతుంటే గుండె మీంచి బరువు దిగుతున్నట్టు అనిపించింది. బాబ్జీ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అతని వకీలు మాత్రం ఏమాత్రం కంగారు పడలేదు. లేచి, ఫైలులోంచి రెండు కాగితాలు తీశాడు.

“ఈ సంతకం మీదేనా?”

“నాదేనండీ.”

“ఇందులో మీరు ఇప్పుడు చెప్పిన ముక్క ఒక్కటైనా ఉందా?”

“లేదండీ.”

“సరిగా వినిపించుకోలేదని రాసి ఉంది. మూడేళ్ళ తర్వాత వినపడిందా?”

కోర్టు హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. “అప్పుడు దాచానండీ. తప్పు చేశాను” అన్నాడు మాస్టారు.

“అంటే విచారణలో సంతకం పెట్టి మరీ అబద్ధం చెప్పగల మనిషి మీరు. ఇప్పుడు మాత్రం నిజం చెబుతున్నారని కోర్టువారు ఎలా నమ్మాలి? జట్టు కోచ్ పదవి మీ నుంచి నా క్లయింట్‌కి వచ్చింది గదా, ఆ అక్కసు లేదూ?”

బల్ల మీద ఆ రెండు కాగితాలూ ఉన్నాయి. ఆయన నోటితో ఎంత చెప్పినా ఆయన చేత్తో పెట్టిన సంతకం అంతకన్నా గట్టిగా మాట్లాడుతోంది.

బయట వరండాలో జ్యోతిర్మయి అన్నతో నిలబడి ఉంది. చిక్కిపోయింది. జీడి జిగురుకి వేలి కొనలు నల్లబడ్డాయి. మాస్టారు దగ్గరికి వెళ్ళి, “అమ్మా, ఇవాళ నిజం చెప్పేశాను” అన్నాడు. ఆమె ఏదైనా అంటుందని, కనీసం తిడుతుందని ఎదురుచూశాడు.

“విన్నానండీ. నాకు తెలిసిన సంగతే గదా” అంది. “తెలియని వాళ్ళకి చెప్పాల్సిన రోజు ఒకటుండేది. ఆ రోజు నేను కూడా అక్కడే కూర్చుని ఉన్నాను.”

అన్న పిలిస్తే వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా కేసు కొట్టేశారు. ముఖ్య సాక్షి మాట మీద నమ్మకం కుదరడం లేదన్నారు. ఆ పైన విడాకులు కూడా అయిపోయాయి.

మరుసటేడు మార్చిలో, కళ్ళంలో మిరపకాయలు ఎండబోసి ఉండగా, ఒక పెద్దాయన మాస్టారిని వెతుక్కుంటూ వచ్చాడు. తెల్ల పంచె, చేతిలో సంచి. మిరప ఘాటుకి రెండుసార్లు తుమ్మి, కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని తన పేరు యలమందయ్య అనీ, మార్టూరు అవతల పత్తి వేస్తుంటాననీ చెప్పాడు. కాస్త దూరంలో రాఘవమ్మ కూర్చుని తాలు కాయలు ఏరుతోంది.

“మా అమ్మాయికి బాబ్జీ గారి సంబంధం వచ్చిందండీ. రెండో పెళ్ళి గదా, మంచీ చెడూ విచారించుకోవాలి. మీరైతే దగ్గర్నుంచి చూసినవారు. అసలు మీ మాట చూసే ముందుకొచ్చాం” అన్నాడు. సంచిలోంచి ఒక జిరాక్స్ కాగితం తీసి చూపించాడు. “అబ్బాయి వాళ్ళే ఇచ్చారు. ఎంక్వయిరీలో మీరు రాసిచ్చిందట. మొదటి భార్య మాటలన్నీ ఉత్తివేనని తేలిందట గదా.”

మాస్టారు ఆ కాగితం అందుకున్నాడు. తన సంతకం జిరాక్స్‌లో ఇంకా నల్లగా కనిపించింది. రెండో పేజీ చివర దాకా చదివి వెనక్కి ఇచ్చేశాడు.

“ఇందులో నేను నిజం దాచానండీ. వాడు ఆ పిల్ల భుజం మూడుసార్లు విరిచినంత పని చేశాడు. వాడి వేళ్ళ అచ్చులు నా కళ్ళతో చూశాను. పిల్లనివ్వకండి.”

యలమందయ్య నొసలు ముడేశాడు. “కోర్టులో కూడా మీరు అలాగే అన్నారట, కోర్టువారు నమ్మలేదటండీ. పెద్దవారు, మీరే రెండు రకాలుగా చెబితే మేం ఏది పట్టుకోవాలి?”

“నన్ను నమ్మొద్దండీ. నా మాట ఎప్పుడో చెడిపోయింది. ఆ అమ్మాయినే వెళ్ళి అడగండి.”

“ఎవరినీ? మొదటి పెళ్ళాన్నా?” యలమందయ్య ఇబ్బందిగా నవ్వాడు. “ఆవిడ అతని గురించి మంచి ఎందుకు చెబుతుందండీ? ఉద్యోగం ఉంది, పేరుంది, కోర్టే వదిలేసింది. ఒక ఆడపిల్ల మాట పట్టుకుని ఇంత సంబంధం వదులుకోమంటారా?”

“నేనూ అప్పుడు అలాగే అనుకున్నానండీ” అన్నాడు మాస్టారు.

యలమందయ్య నవ్వు ఆగిపోయింది. జిరాక్స్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకున్నాడు. వేసుకుని కూడా కదల్లేదు.

“మా పిల్లది పంతొమ్మిదో ఏడండీ” అన్నాడు చివరికి. “వేటపాలెంలో ఎక్కడుంటారు వాళ్ళు?”

మాస్టారు చెప్పబోయి ఆగిపోయాడు. ఆయనకి తెలియదు. ఈ నాలుగేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదు, ఎవరినీ అడగనూలేదు. ఆ పిల్ల ఎక్కడ ఉంటోందో తెలుసుకోవాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు. అది ఆ ఎండలో, ఆ పరాయి మనిషి ముందు ఆయనకి తెలిసొచ్చింది.

“రాఘవా” అని పిలిచాడు. “ఆ అమ్మాయి వాళ్ళ ఇల్లెక్కడో ఈయనకి చెప్పు.”

రాఘవమ్మ ఒళ్ళోని తాలు కాయలు పక్కన పోసి, చేతులు దులుపుకుంటూ లేచి వచ్చింది. వేటపాలెం స్టేషన్‌ దగ్గర్నుంచి ఏ వీధిలోకి తిరగాలో, ఎన్నో ఇల్లో యలమందయ్యకి వివరంగా చెప్పింది. మాస్టారు పక్కనే నిలబడి విన్నాడు.